వాల్టర్ క్రైస్లరు – కారును విప్పి చూచిన కార్మికుడు

న్యూయార్కు నగరమున క్రైస్లరు భవనమను పేరుగల ఆకాశహర్మ్య మొకటి కలదు. 1930 వ సంవత్సరమున దాని నిర్మాణము ముగిసినప్పుడు ప్రపంచమున అంతకంటె ఎత్తైన భవనము వేఱొకటి లేకుండెను. దాని ఎత్తు 1,046 అడుగులు, అంతస్తులు 77. ఉక్కు రేకులు తాపిన దాని శిఖరము ఎండలో వెండివలె మెఱయును. గోడలమీద కారు చక్రముల ఆకృతులును, మూలలయందు కారు రేడియేటరు మూతలను పోలిన శిల్పములును కానవచ్చును. ఆ దినములలో నగరమును చూడవచ్చువారికై పైయంతస్తున ఒక సందర్శనశాల ఉండెను. అచ్చట ఒక అద్దాల పెట్టెలో కొన్ని పాత పనిముట్లు ఉంచబడెను. అవి ఏ రాజు ఖజానానుండియు వచ్చినవి కావు. కాన్సాస్ రాష్ట్రములోని ఒక రైలు కార్ఖానాలో పని నేర్చుకొనుచుండిన బాలుడు, కొనుటకు డబ్బు చాలక, ఇనుప తునకలను అరగదీసి తన చేతులతో తాను చేసికొన్న సాధనములవి. ఆ బాలుడే ఆ భవనమునకు యజమాని.

మోటారు కార్ల పరిశ్రమవలన ధనవంతులైనవారు అమెరికాలో పెక్కుమంది కలరు. కొందఱు యంత్రనిర్మాణమున నిపుణులు. కొందఱు వాటాల వ్యాపారమున నిపుణులు. క్రైస్లరు చరిత్ర వీరి చరిత్రలకంటె వేఱు. అతడు మొదట అప్పుచేసి కారు కొన్న గృహస్థు. ఆ కారును నడపకముందే మరమరకును విప్పి, మరల బిగించి, చేసినవాడు ఎక్కడ పొరపడెనో, కొన్నవానికి ఏమి కావలెనో చేతులతోనే తెలిసికొన్నవాడు. ఆ తెలివియే అతనికి జీవితాంతము మూలధనమయ్యెను.

రైలు పట్టాల ప్రక్కన

వాల్టర్ పెర్సీ క్రైస్లరు 1875 వ సంవత్సరము ఏప్రిల్ 2 వ తేదీన కాన్సాస్ రాష్ట్రమున వామేగో అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి హెన్రీ క్రైస్లరు రైలింజను డ్రైవరు. వాల్టరు పసితనముననే ఆ కుటుంబము రైలుమార్గము వెంట పడమటికి కదలి ఎల్లిస్ అను ఊరికి చేరెను. చుట్టును గడ్డిమైదానములు, నడుమ రైలు కార్ఖానా, ఇంజను షెడ్డు, వాటిని ఆశ్రయించి బ్రదుకు జనము. ఊరి ప్రొద్దు కార్ఖానా కూతతో మొదలై కార్ఖానా కూతతో ముగియుచుండెను. తండ్రి అప్పుడప్పుడు కుమారుని ఇంజనుమీద ఎక్కించుకొని పోవుచుండెను. ఆ పిల్లవాని మనసు అప్పుడే యంత్రములకు అంకితమయ్యెను.

బాల్యమున వాల్టరు ఇంటింటికి పాలు పోసెను. వెండి చెంచాలు, పేరు ముద్రించిన కార్డులు అమ్మెను. కిరాణా కొట్టులో సరకులు తూచెను. బడి చదువు ముగిసిన పిమ్మట కుమారుని కళాశాలకు పంపవలెనని తండ్రి తలంచెను. తాను బొగ్గుపొడిలో గడపిన జీవితము కుమారునకు వలదని ఆయన అభిప్రాయము. కుమారుడు కార్ఖానాలోనే పని నేర్చెదనని పట్టుపట్టెను. తండ్రి సమ్మతి లేనిదే అప్రెంటిసుగా చేర్చుకొనరు. అందుచే వాల్టరు అదే కార్ఖానాలో నేల ఊడ్చు పనికి కుదిరెను. గంటకు 10 సెంట్లు కూలి. పదిగంటలు పనిచేసినచో దినమునకు ఒక డాలరు. అతడు చీపురు పట్టిన తీరు చూచియే కార్ఖానా అధికారి సంతోషించి తండ్రితో మాటలాడి ఒప్పించెను. అప్రెంటిసు పదవి వచ్చెను. దానితోపాటు కూలి గంటకు 5 సెంట్లకు దిగెను. ఊడ్చువానికి పది, నేర్చువానికి అయిదు. ఆ బాలుడు దానిని నష్టమని తలపలేదు.

మంచి పనిముట్లు ఖరీదైనవి. కావున వానిని తానే చేసికొనెను. ఇనుమును తొలిచి 28 అంగుళముల పొడవుగల చిన్న రైలింజను నమూనాను నిర్మించి, పెరటిలో పట్టాలు వేసి నడిపించెను. తెలియని సంగతులను గుఱించి సైంటిఫిక్ అమెరికన్ పత్రికకు ప్రశ్నలు వ్రాసి పంపుచుండెను. తరువాతి కాలమున, పగలు పనిచేయుచు రాత్రులందు తపాలా ద్వారా ఇంజనీరింగు పాఠములు చదివెను. కళాశాల గడప త్రొక్కని లోటును ఈ విధముగా తీర్చుకొనెను.

అప్రెంటిసు కాలము ముగిసిన పిదప అతడు కొన్ని ఏండ్లు ఊరూర తిరిగెను. ఒక కార్ఖానాలో పని, కొంతకాలమునకు మనస్పర్ధ, మరియొక కార్ఖానాకు ప్రయాణము. కోపము త్వరగా వచ్చు స్వభావము. చేతిలో పైకము లేనప్పుడు సరకుల బండ్లలో ఎక్కి పోయిన దినములును కలవు. 1901 వ సంవత్సరమున ఎల్లిస్ వాసియగు డెల్లా ఫోర్కరును వివాహమాడిన పిదప అతని జీవితమునకు ఒక కుదురు ఏర్పడెను. సాల్ట్ లేక్ నగరమున ఫిట్టరుగా పనిచేసి, కొలరాడోలో ఫోర్‌మనుగా, టెక్సాసులో ప్రధాన మెకానికుగా పెరిగి, చివరకు అయోవా రాష్ట్రములోని ఓల్వైన్ అను ఊరిలో షికాగో గ్రేట్ వెస్టర్న్ రైల్వేకు ఇంజన్ల శాఖాధిపతి అయ్యెను. అప్పటి కతనికి ముప్పదిమూడేండ్లు నిండలేదు. రైల్వేలలో అతడు అంతకంటె పైకి పోవుటకు చదువు అడ్డు వచ్చును. ఆ సంగతి అతనికి తెలియును.

కొట్టములోని కారు

1908 వ సంవత్సరమున షికాగోలో మోటారు కార్ల ప్రదర్శనము జరిగెను. క్రైస్లరు చూడబోయెను. అచ్చట లోకోమొబైలు కంపెనీ వారి బండి ఒకటి నిలిచియుండెను. దంతపు వన్నె పూత, ఎఱ్ఱని మెత్తలు, ఎఱ్ఱని అంచులు. ఆ కంపెనీ కనెక్టికట్ రాష్ట్రములోని బ్రిడ్జిపోర్టు పట్టణమునకు చెందినది. 1899 లో ఆవిరి కార్లతో ఆరంభమైనది. ఆ ఆవిరి బండ్లు చూచుటకు ముచ్చటగా ఉండెడివి. ఏలుకొనుటకు కష్టముగా ఉండెడివి. సుమారు ఇరువది మైళ్ల కొకమాఱు నీరు పోయవలెను, దారి మధ్యమున మంట ఆఱిపోవును, బాయిలరు మొరాయించును. బొంబాయిలో జన్మించిన ఆంగ్లకవి కిప్లింగు ఇంగ్లండులో అట్టి బండి నొకదానిని కొని, అది పెట్టిన బాధలను కథలోనికి సైతము ఎక్కించెను. కంపెనీ వారు గుణపాఠము నేర్చి ఆవిరిని వదలి పెట్రోలు బండ్లు చేయ నారంభించిరి. క్రైస్లరు చూచినది అట్టి పెట్రోలు బండి. అదే సంవత్సరమున లోకోమొబైలు పందెపు కారు వాండర్‌బిల్ట్ కప్పును గెలుచుకొనెను. అమెరికాలో చేసిన బండి ఆ కప్పును గెలుచుట అదియే మొదలు.

బండి వెల 5,000 డాలర్లు, రొక్కముగా చెల్లింపవలెను. క్రైస్లరు కూడబెట్టినది 700 డాలర్లు. దినముల తరబడి అతడు ఆ బండి చుట్టు తిరిగెను. చివరకు షికాగోలోని ఒక బ్యాంకు అధికారి వద్దకు పోయి, పూచీదారుని చూపి, 4,300 డాలర్లు అప్పు తెచ్చెను. భార్యాబిడ్డలు గల ఉద్యోగి, నడుపుట చేతకాని వస్తువునకై, ఉన్నదంతయు ఊడ్చిపెట్టి, దానికి ఆరింతలు ఋణము చేసెను. మన యిండ్లలో అట్టి పని చేసినవానిని ఏమందురో చెప్పనక్కఱలేదు. క్రైస్లరునకు మాత్రము అది విలాసము కాదు. గుఱ్ఱము లేకుండ, పట్టాలు లేకుండ, మనిషి తలచిన చోటికి పోవు యంత్రము పుట్టినది. అది ఎట్లు పనిచేయునో తెలిసికొననిదే అతనికి నిద్రపట్టదు.

కారు రైలులో ఓల్వైనుకు వచ్చెను. నడుపుట రాదు కనుక గుఱ్ఱములను కట్టి ఇంటికి లాగించి కొట్టములో పెట్టించెను. డెల్లా షికారు పోవుదమని ఆశపడెను. క్రైస్లరు కొట్టము తలుపులు మూసి బండిని విప్పెను. ఒక్కొక్క భాగమును నేలమీద పఱచిన పాత పత్రికలపై వరుసగా పెట్టెను, బొమ్మలు గీసికొనెను, కంపెనీవారి పుస్తకములతో పోల్చి చూచెను, మరల బిగించెను. బిగించినది మరల విప్పెను. రాత్రులు, ఆదివారములు ఇట్లే గడచెను. సుమారు మూడు నెలలు బండి కొట్టము దాటలేదు. ఇరుగుపొరుగువారు నవ్వుకొనిరి. ఆ ఇల్లాలి ఓర్పునకు హద్దు లేదనవలెను.

తుదకు ఒకనాడు బండిని వీథిలోనికి తెచ్చెను. ప్రతి మరయు తెలిసినవాడు, నడుపుట మాత్రము తెలియనివాడు. బండి ఎగిరి, దూకి, పొరుగువాని తోటలో బురదలో దిగబడెను. మరల గుఱ్ఱములే వచ్చి దానిని బయటికి లాగవలసివచ్చెను. సిగ్గుపడి విడువక అతడు మరల ఎక్కి, ఊరి వెలుపలికి పోయి, తిరిగి ఇల్లు చేరువఱకు నడిపెను. చేతులు వణకుచుండెను, బట్టలు చెమటతో తడిసెను. యంత్రమును తెలియుట వేఱు, బండితో బ్రదుకుట వేఱు అను సంగతి ఆ దినమున అతనికి బోధపడెను. రెండును తెలిసినవారు ఆ కాలపు పరిశ్రమలో అరుదు.

రెండవ మాఱు సగము జీతము

తరువాత క్రైస్లరు రైల్వే ఉద్యోగమును వదలి, పిట్స్‌బర్గు వద్దనున్న అమెరికన్ లోకోమోటివ్ కంపెనీవారి కార్ఖానాకు అధిపతియై, నష్టములలో నున్న దానిని లాభములలోనికి తెచ్చెను. ఆ కంపెనీ డైరెక్టరులలో స్టారో అను బ్యాంకరు ఒకడు. ఆయనకు జనరల్ మోటార్సు సంస్థతోను సంబంధము కలదు. ఆయన క్రైస్లరును పిలిచి, మోటారు కార్ల పని చేసెదవా యని అడిగెను. ఫ్లింటు పట్టణమున బ్యూక్ కార్ఖానా అధిపతి పదవి ఖాళీగా నుండెను. లోకోమోటివ్ కంపెనీవారు క్రైస్లరును నిలుపుకొనుటకై ఏటికి 12,000 డాలర్లు ఇచ్చెదమనిరి. బ్యూక్ వారు ఇయ్యగలిగినది 6,000. క్రైస్లరు 1912 వ సంవత్సరమున 6,000 డాలర్ల పనిలో చేరెను. చీపురు వదలి అప్రెంటిసైన బాలుడు నేర్చుటకై రెండవ మాఱు సగము జీతమున కొప్పుకొనెను.

బ్యూక్ కార్ఖానాలో పనివారు గుఱ్ఱపు బండ్ల వడ్రంగములో ఆరితేఱినవారు. కొయ్యపని అద్భుతము, లోహపు పని మందము. చాసీలను ఇంటిలోని బల్లలకువలె రోజుల తరబడి నునుపుచేసి, పూతమీద పూత వేయుచుండిరి. మొదటి ప్రయాణముననే బురద కప్పివేయు ఆ అడుగుభాగమునకు అంత అలంకార మెందులకని క్రైస్లరు ప్రశ్నించెను. లోకోమొబైలు క్రింద వెల్లకిల పండుకొని పనిచేసిన మనిషికి తోచిన ప్రశ్న అది. అనవసరమైన పూతలు తగ్గెను. పని వరుసక్రమము మాఱెను. కొయ్య పట్టాలు వేసి చాసీలను చేతులతో త్రోయుచు ఒక చోటినుండి మరియొక చోటికి పంపు పద్ధతి వచ్చెను. అదే స్థలములో దినమునకు 45 బండ్లు చేయుచుండిన కార్ఖానా 200 చేయ నారంభించెను.

1916 లో డ్యూరంటు అను సాహసిక వ్యాపారి జనరల్ మోటార్సును మరల తన వశము చేసికొని, క్రైస్లరును బ్యూక్ అధ్యక్షుని చేసి, ఏటికి 5,00,000 డాలర్లు జీతము ఏర్పాటుచేసెను. డ్యూరంటు ఆకర్షణ గొప్పది, పద్ధతి తక్కువ. బ్యూక్ సంపాదించిన ధనమును తోచిన చోటనెల్ల వెచ్చించుచుండెను. కార్ఖానాకు సంబంధించిన నిర్ణయములను క్రైస్లరునకు తెలియకుండ చేయుచుండెను. మూడేండ్లు సహించి, వాదించి, 1919 లో క్రైస్లరు వైదొలగెను. నలువదియైదవ ఏట పని లేని ధనవంతుడై ఇంట కూర్చుండెను. కొన్ని నెలలకే ఆ తీరిక భరింపరానిదయ్యెను, అతనికే కాదు, ఇంటివారికి కూడ.

పేరుగల బండి

అప్పులలో మునిగిన విల్లిస్ ఓవర్‌లాండ్ కంపెనీని సరిదిద్దుటకై బ్యాంకులవారు అతనిని ఏటికి పదిలక్షల డాలర్ల జీతముమీద రెండేండ్లకు పిలిచిరి. అచ్చట అతనికి లభించిన గొప్ప లాభము జీతము కాదు. జెడరు, స్కెల్టను, బ్రీరు అను ముగ్గురు ఇంజనీర్లు. వారు ఒక కొత్త బండిని రూపొందించుచుండిరి. ఆ కంపెనీ చిక్కులలో ఆ కార్ఖానాయు, నమూనాయు వేలములో డ్యూరంటు పరమయ్యెను. ముగ్గురు ఇంజనీర్లు మాత్రము క్రైస్లరు పక్షముననే నిలిచి, మరల మొదటినుండి పని ప్రారంభించిరి.

ఇంతలో మాక్స్‌వెల్ అను మరియొక కంపెనీ భారము అతనిపై పడెను. ఆ కంపెనీ బండ్ల వెనుక ఇరుసులు బలహీనములు. కొన్నవారు దారిలో నిలిచిపోయి శపించుచుండిరి. ఎవరును కొనని బండ్లు వేలకొలది మూలబడియుండెను. వానిని ఉన్నవి ఉన్నట్లు తక్కువ వెలకు తెగనమ్ముట సులభము. క్రైస్లరు అట్లు చేయలేదు. మొదట ఇరుసులను బలపఱపించి, తరువాత స్వల్పలాభమునకు అమ్మించెను. కొన్నవాని తిట్టు కంపెనీ పేరునకు తగులునని అతనికి తెలియును.

1924 వ సంవత్సరము జనవరిలో న్యూయార్కున కార్ల ప్రదర్శనము జరిగినప్పుడు, ఇంకను ఉత్పత్తి ఆరంభింపని బండికి లోపల చోటు లేదనిరి. క్రైస్లరు నిరాశపడక పరిశ్రమలోని పెద్దలందఱును దిగు కొమొడోరు హోటలు ముందుసావడిని అద్దెకు తీసికొని తన బండిని అచ్చట నిలిపెను. ఆఱు సిలిండర్లు, 68 అశ్వశక్తి, గంటకు 70 మైళ్ల వేగము; వెల 1,500 డాలర్ల పరిసరములలో. నాలుగు చక్రములకును ద్రవపీడనముతో పనిచేయు బ్రేకులుండెను. చమురును వడపోయు ఫిల్టరు, గాలిలోని దుమ్మును ఆపు ఫిల్టరు ఉండెను. ఇవి ఒక్కొక్కటిగా వేఱుచోట్ల లేనివి కావు. మధ్యతరగతివాడు కొనగల బండిలో అన్నియు ఒక్కచోట చేరుట కొత్త. వేగమును మెచ్చుకొనువారు మెచ్చుకొనిరి. కాని ఇల్లాలిని, బిడ్డలను ఎక్కించుకొని వాలులో దిగువానికి కావలసినది నమ్మదగిన బ్రేకు. మట్టిబాటలమీద తిరుగువానికి కావలసినది ఇసుక తినని ఇంజను. కొట్టములో గడచిన ఆ మూడు నెలల ఫలము ఇచ్చట కనబడెను. మొదటి సంవత్సరమున సుమారు 32,000 బండ్లు అమ్ముడుపోయెను. 1925 జూను 6 వ తేదీన మాక్స్‌వెల్ కంపెనీ స్థానమున క్రైస్లరు కార్పొరేషను ఏర్పడెను.

1928 లో డాడ్జి సోదరుల కంపెనీని సుమారు 17 కోట్ల డాలర్ల విలువగల వాటాల మార్పిడితో కొనెను. అదే ఏట సామాన్యులకై ప్లిమత్, నడిమి తరగతివారికై డిసోటో అను బండ్లను వెలువరించెను. 1931 నాటి ప్లిమత్‌లో ఇంజను రబ్బరు దిమ్మెలమీద ఊగునట్లు అమర్చబడెను. దానివలన నాలుగు సిలిండర్ల చౌక బండిలో కూర్చున్నవారికి ఎముకలు కదలు బాధ తప్పెను. క్రైస్లరు ఆ బండిని స్వయముగా హెన్రీ ఫోర్డు ఇంటికి తోలుకొనిపోయి చూపి, దానిని ఆయనకే బహుమానముగా వదలి, తాను టాక్సీలో తిరిగివచ్చెనని చెప్పుదురు. దేశమంతటను ఆర్థికమాంద్యము తాండవించుచుండగా అతడు పరిశోధనశాల ఖర్చును తగ్గింపలేదు. 1933 లో క్రైస్లరు సంస్థ అమ్మకములలో ఫోర్డును దాటి రెండవ స్థానమునకు చేరెను.

తన పేరు పెట్టిన బండి తన చేతిలోనే యుండుట ఆ పరిశ్రమలో అందఱకు దక్కిన భాగ్యము కాదు. బ్యూక్ కారునకు పేరిచ్చిన డేవిడ్ బ్యూక్ తన కంపెనీనుండి ఏనాడో వెలికిపోయి 1929 లో పేదఱికమున మరణించెను. లక్షలాది బండ్లమీద అతని పేరు మెఱయుచుండగా అతనికి కారు లేదు. క్రైస్లరు భవనము ఆకాశమున లేచుచుండినది ఆ సంవత్సరముననే. ఆ భవనమునకు కంపెనీ సొమ్ము గాక తన సొంత సొమ్ము వెచ్చించి, దానిని కుమారులకై నిర్మించుచున్నానని క్రైస్లరు తెలిపెను. ధనికుని బిడ్డలు పనిలేక చెడరాదని అతని తలంపు. పైయంతస్తులోని పనిముట్ల పెట్టె అందులకే ఉంచబడినదని తలంచినను తప్పులేదు.

గాలి మెచ్చిన బండి

అతని అపజయమును గుఱించియు చెప్పవలెను. ఇంజనీరు బ్రీరు గాలి తాకిడికి బండి ఆకృతికి గల సంబంధమును పరిశోధింప మొదలిడెను. విమాన నిర్మాత ఆర్విల్ రైటును సంప్రదించి గాలి సొరంగమును నిర్మించి, కొయ్య నమూనాలను అందులో నిలిపి చూచిరి. ఆనాటి పెట్టెవంటి కార్లు వెనుకకు నడచినప్పుడే గాలిని సులభముగా చీల్చుచున్నట్లు తేలెను. దాని ఫలితముగా 1934 లో ఎయిర్‌ఫ్లో అను బండి వచ్చెను. ముక్కు గుండ్రము, దీపములు దేహములోనే ఇమిడినవి, ఇంజను ముందు ఇరుసుమీదికి జరిపినందున, కూర్చున్నవారు రెండు ఇరుసుల నడుమ ఊయలలోవలె సుఖముగా పోవుదురు. ఉక్కు వంతెన వంటి చట్రము బండికంతటికిని బలమిచ్చెను.

ఆ బండిని కొన్నవారు దాని సుఖమును పొగడిరి. కొనవలసినవారు దాని ముక్కును చూచి ముఖము త్రిప్పుకొనిరి. బండ్లు చేతికందుట ఆలస్యమయ్యెను. మొదట వచ్చినవానిలో లోపములు కనబడగా వదంతులు వ్యాపించెను. 1937 తో ఎయిర్‌ఫ్లో ముగిసెను. తరువాతి తరముల కార్లన్నియు దాని బాటనే నడచినవి. అది వేఱు సంగతి. బండి అడుగుభాగమును కొన్నవాని కంటితో చూచిన క్రైస్లరు, ఈ మాఱు దాని ముఖమును కొన్నవాని కంటితో చూడలేకపోయెను. కంపెనీ మునిగిపోకుండుటకు కారణము, పాత ఆకృతిగల ప్లిమత్, డాడ్జి బండ్లను మార్పకుండుటయే.

ఎదుటి ప్రక్క

1935 లో క్రైస్లరు అధ్యక్ష పదవిని కెల్లరునకు అప్పగించి, బోర్డు చైర్మనుగా మిగిలెను. 1937 మార్చి 8 వ తేదీన డెట్రాయిటులోని అతని కార్ఖానాలలో కార్మికులు యంత్రముల ప్రక్కనే కూర్చుండి సమ్మె చేసిరి. వరుస వేగము పెరుగుట, పని లేని మాసములలో ఇంటికి పంపివేయుట, తమ సంఘమును యాజమాన్యము ఏకైక ప్రతినిధిగా అంగీకరింపకుండుట వారి బాధలు. ఖాళీ చేయవలసినదని న్యాయస్థానము ఆజ్ఞాపించినను వారు కదలలేదు. గవర్నరు మర్ఫీ ఇరుపక్షములను రాజధానియగు లాన్సింగునకు పిలిపించెను. బల్లకు ఒక ప్రక్క కార్మిక నాయకుడు జాన్ లూయిస్. ఎదుటి ప్రక్క క్రైస్లరు.

గంటకు అయిదు సెంట్లకు పనిచేసిన మనిషి ఆ బల్ల వద్ద యజమానుల కుర్చీలో కూర్చుండెను. పనివాని కష్టము తనకంటె ఎఱిగినవా డెవడను నమ్మకముతో జీవించినవానికి, వేలాది పనివారు తన గేట్ల లోపల బైఠాయించుట చిన్న దెబ్బ కాదు. బ్యూక్ కార్ఖానాలో తాను కనిపెట్టిన వేగమునకే మఱొక ముఖము ఇచ్చట కనబడెను. దినమునకు 45 బండ్లు 200 అయినప్పుడు వరుస ప్రక్కన నిలిచినవాని భుజములకు ఏమగునో లెక్క పుస్తకములు చెప్పవు. తుదకు ఏప్రిల్ మొదటి వారమున ఒడంబడిక కుదిరెను. సంఘము కోరినదంతయు దొరకలేదు. తన సభ్యుల పక్షమున మాటలాడు హక్కు దానికి లభించెను. నెత్తురు చిందకుండ వ్యవహారము ముగియుట ఇరుపక్షములకును గౌరవము. ఆ సంవత్సరముననే క్రైస్లరు తన జీవితకథను ఒక రచయిత సహాయముతో ప్రకటించెను. దాని పేరులో తన్ను తాను అమెరికా కార్మికునిగనే చెప్పుకొనెను. సమ్మె చేసినవారు ఆ మాట నెట్లు చదివిరో ఊహించుకొనవలసినదే.

1938 లో అతనికి పక్షవాతము వచ్చెను. అదే ఏట ఆగస్టులో డెల్లా మరణించెను. కొట్టము తలుపు వెలుపల నిలిచి మూడు నెలలు షికారునకై ఎదురుచూచిన ఆ ఇల్లాలు పోయిన పిమ్మట అతడు మరల కోలుకొనలేదు. 1940 ఆగస్టు 18 వ తేదీన లాంగ్ ఐలండులోని స్వగృహమున కన్నుమూసెను.

కుర్లానుండి నేటివఱకు

క్రైస్లరు జీవించియుండగనే అతని సంస్థకు భారతదేశముతో సంబంధము మొదలయ్యెను. స్వదేశమున కార్ల పరిశ్రమ నెలకొల్పవలెనని విశ్వేశ్వరయ్యగారు చేసిన ప్రయత్నమునకు తోడుగా, వాల్చంద్ హీరాచంద్ అమెరికాకు పోయి క్రైస్లరు సంస్థవారితో సంప్రదించెను. యుద్ధకాలపు బ్రిటిషు ప్రభుత్వము తోడ్పడకపోయినను వాల్చంద్ విడువలేదు. ఆంధ్రులకు ఆయన పేరు కొత్త కాదు. విశాఖపట్టణమున 1941 లో నౌకా నిర్మాణ కేంద్రమునకు పునాది వేయించినవాడాయన. 1948 లో అచ్చటినుండి జలప్రవేశము చేసిన ‘జల ఉష’ ఆ పూనిక ఫలమే. 1944 లో ఆయన స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్సు సంస్థ, 1947 నుండి బొంబాయి సమీపమునగల కుర్లాలో డాడ్జి, ప్లిమత్, డిసోటో బండ్లను కూర్చి విడుదల చేసెను. ఒకే మూసలోని లారీ డాడ్జి, ఫార్గో, డిసోటో అను మూడు పేర్లతో మన రహదారులమీద తిరిగెను. పెద్ద కార్లు పెట్రోలు అధికముగా త్రాగునని యజమానులు విసుగుకొన్నను, బరువునకు, గతుకులకు అవి వెఱవవని డ్రైవర్లు మెచ్చుకొనుచుండిరి.

కొంతకాలమునకు అదే కుర్లా కార్ఖానాలో ఇటలీ దేశపు ఫియట్ చిన్నకార్ల తయారీయు మొదలయ్యెను. కాలగతి విచిత్రమైనది. డిసోటో పేరు 1960 లోను, ప్లిమత్ పేరు 2001 లోను అంతరించెను. క్రైస్లరు సంస్థ 1980 ప్రాంతమున ప్రభుత్వపు పూచీతో తెచ్చిన ఋణముచే గండము గడచి, 1983 నాటికే దానిని తీర్చివేసెను. 1998 లో జర్మనీ దేశపు డైమ్లరుతో కలసి, విడిపోయి, 2009 లో దివాలా ఎత్తెను. అప్పుడు దానిని ఆదుకొన్నది ఫియట్ సంస్థయే. 2014 లో రెండును ఒక్కటయ్యెను. 2021 నుండి స్టెలాంటిస్ అను పెద్ద సంస్థలో భాగములయ్యెను. అర్ధశతాబ్దమునకు పూర్వము బొంబాయి కార్మికులు ఒకే కప్పు క్రింద బిగించిన రెండు పేర్లు తుదకు ఒక్క యింటికి చేరినవి.

కంపెనీలు చేతులు మాఱును. భవనములు చేతులు మాఱును. క్రైస్లరు భవనము అతని కుటుంబము చేతినుండి పోయి చిరకాలమయ్యెను. ఎత్తున దానిని మించిన కట్టడములు ఎన్నియో లేచెను. ఎల్లిస్ గ్రామమున అతడు పెరిగిన చిన్న యిల్లు మాత్రము నేడు ప్రదర్శనశాలగా నిలిచియున్నది. రెండు మాఱులు సగము కూలికి ఒప్పుకొని నేర్చిన విద్యయే అతనికి అన్నియు ఇచ్చెను. కారు కొన్న మొదటి దినమున అతడు దానిని ఎక్కి ఊరేగలేదు. చొక్కా చేతులు మడిచి దాని క్రింద దూరెను. ఏ కార్యాలయమున, ఏ కార్ఖానాలో పనిచేయువారికైనను అతని జీవితమునుండి తీసికొనదగినది ఆ గుణమే.